వంగని వేలు

విమోన్ టీచరు తెల్లకోటు మీద ముడత చూశామని చెప్పగలిగినవాళ్ళు ఆ కళాశాలలో ఒక్కరూ లేరు. లంపాంగ్ ఊరు దాటాక నది ఒడ్డున ఉండే ఆ చిన్న వృత్తి కళాశాలలో పొద్దున ఎనిమిదింటికి జెండా ఎగరేస్తారు. మిగతా టీచర్లు జెండా పాట సగంలో ఉండగా హెల్మెట్ చంకన పెట్టుకుని పరుగెత్తుకొస్తారు. విమోన్ మాత్రం అప్పటికే హెయిర్ కటింగ్ గది తాళం తీసి, అద్దాలన్నీ తుడిచి, కత్తెరలకు నూనె వేసి, జుట్టు ముడి చుట్టుకుని వరసలో మొదట నిలబడి ఉండేది. గోళ్ళు చూడండి, శుభ్రం. బూట్లు చూడండి, తళతళ. నోటి సంగతంటారా, అది పిల్లల్ని అడగాలి.

"టీచరంటే చెప్పేది కాదే, కనపడేది. నా నోటి మాట వినకపోయినా పరవాలేదు, నన్ను చూడండి" అనేది రోజూ. పిల్లలు చూసేవాళ్ళు. ఎంత బాగా చూస్తున్నారో పాపం ఆమెకే తెలియదు.

ఇంత చేసినా ఆమె పిల్లలు పరీక్ష తప్పుతున్నారు. అదే చిత్రం! గదిలో దివ్యంగా కత్తిరిస్తారు. ఊళ్ళో ముసలాళ్ళందరూ ఉచితంగా జుట్టు కత్తిరించుకుని, అద్దంలో అటూ ఇటూ చూసుకుని, పెళ్ళికొడుకుల్లా వెళ్తారు. ప్రభుత్వ నైపుణ్య పరీక్షలో కూర్చోబెడితే మాత్రం రెండో తల సగంలోకి వచ్చేసరికి చేతులు వణుకుతాయి. నిరుడు సగం మందికి పైగా పోయారు. అంతకుముందు ఏడూ అదే కథ. "చేతికి నిలకడ లేదు" అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్ళు పరీక్షకులు. ఆ సర్టిఫికెట్ లేకపోతే పెద్ద సెలూన్లలో గడప కూడా తొక్కనివ్వరు. పిల్లలకు ధైర్యంగా ఉంటుందని విమోన్ ఏటా పరీక్ష హాలు కిటికీ దగ్గర, అందరికీ కనపడేలా, మొదటి నుంచి చివరి దాకా నిలబడేది. అయినా అంతే.

ఈసారి డైరెక్టరు పిలిచి తేల్చి చెప్పేశాడు. "ఈ ఏడు కూడా ఇలాగే అయితే ఆ గది మొబైల్ రిపేరు కోర్సుకి ఇచ్చేస్తాను టీచర్. ఈ కాలంలో జుట్టు పెరిగేదాని కన్నా ఫోన్లు పగిలేది ఎక్కువ."

పరీక్ష ఇంకో నెల కూడా లేదు. విమోన్‌కి కడుపు మండింది, దిగులూ పట్టుకుంది. అయితే వాటన్నిటికన్నా ఎక్కువ, ఎందుకిలా అవుతోంది అన్న ప్రశ్న ఆమెని కుదురుగా కూర్చోనివ్వలేదు.

క్యాంటీన్లో ఎదురుగా కూర్చున్న ప్రదిత్ ఆ సంగతి పట్టేశాడు. ప్రదిత్ మోటారుసైకిల్ విభాగం మాస్టారు, ఆమె కన్నా నాలుగేళ్ళు చిన్న, షర్టు మీద గ్రీజు మరక లేనిరోజు లేదు.

"అక్కా, నూడుల్స్ చల్లారిపోతున్నాయి. అంత దీర్ఘంగా ఏం చూస్తున్నావు?"

"ఆ సోమోని చూడు" అంది విమోన్, పక్క బల్ల దగ్గర కోడిమాంసం లాగిస్తున్న గుండ్రటి ముఖం పిల్లని కళ్ళతోనే చూపిస్తూ. "ఆ చెయ్యి బంగారమయ్యా. మొన్న నమూనా పరీక్ష పెడితే దానికీ వణికింది. ఎందుకంటావు?"

"భయమేమో."

"దానికా! పోయిన వారం గదిలోకి పాము దూరితే తోక పట్టుకుని అవతల పారేసింది."

"అయితే నా దగ్గరికి పంపించు. మోటారుసైకిల్ పని నేర్పిస్తా."

"నీ మొహం. నీ దగ్గర చేరినవాడికి నట్టుకీ బోల్టుకీ తేడా తెలిసేసరికి జుట్టు నెరుస్తుంది."

ప్రదిత్ పడీ పడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక చెంచా పక్కన పెట్టి అన్నాడు. "బండి బాగోలేదని ఎవడైనా వస్తే నేను ముందు బండిని చూడనక్కా. వాడిని ఎక్కించి, క్లచ్ ఎలా పడుతున్నాడో వాడి చేతులు చూస్తా. నువ్వెప్పుడూ జుట్టే చూస్తావు. ఒకసారి చేతులు చూడరాదూ?"

ఈ గ్రీజు మనిషి చెప్పేదేమిటి అనుకుంది గానీ, ఆ మాట బుర్రలోంచి పోలేదు. నిజమే, ఆమె చూపు ఎప్పుడూ కత్తిరించిన అంచు మీదే ఉండేది. మధ్యాహ్నం క్లాసులో మొదటిసారి చేతులు చూసింది. చూసి అక్కడే ఆగిపోయింది.

కత్తెర పట్టుకోవడమంటే బొటనవేలు ఒక కన్నంలో, ఉంగరం వేలు రెండో కన్నంలో. చిటికెన వేలు ఆ కన్నం పక్కన పొడుచుకొచ్చిన తోక మీద ఆనుతుంది. చూపుడు వేలూ మధ్యవేలూ పిడిని కాస్తాయి. ఇది మొదటి రోజు పాఠం, పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. ఇక్కడ చూస్తే ఒక్కరి ఉంగరం వేలూ కన్నంలో లేదు. అందరూ మధ్యవేలు దూర్చి, ఉంగరం వేలూ చిటికెన వేలూ నిటారుగా బయటికి చాచారు.

"ఏయ్ మొత్! ఆ వేలేమిటే అలా చాచావు?"

మొత్ క్లాసులో అందరికన్నా పొట్టి, అందరికన్నా పెద్ద నోరు. ఆ నోరు కాస్తా ఇప్పుడు నీళ్ళు నమిలింది. "అలవాటండి, ఖ్రూ." ఆ పిల్లలు టీచరుని ఖ్రూ అనే పిలుస్తారు.

"ఎక్కడ పట్టుకున్నావు ఈ అలవాటు? ఫోన్లో చూశావా?"

"అవునండి. అంటే, కాదండి. ఏమోనండి."

"సోమో, నువ్వు చెప్పు."

సోమో చిరునవ్వు నవ్వి నేల చూసింది. ఆ పక్క పిల్లా నవ్వింది. గదంతా మర్యాదగా నవ్వి ఊరుకుంది. విమోన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళి, వంట కూడా మానేసి, ఫోన్లో దొరికిన కటింగ్ వీడియోలన్నీ తిరగేసింది. బ్యాంకాక్ వాళ్ళని చూసింది, కొరియా వాళ్ళని చూసింది. ఒక్కడూ అలా పట్టుకోలేదు. మరి ఈ తెగులు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

మర్నాడు జవాబు అద్దంలో దొరికింది. ఆమె మెడ వెనక జుట్టు ఎలా కలపాలో చూపిస్తోంది. పిల్లలంతా తలా ఒక బొమ్మ తల ముందు నిలబడి, ఆమెతో పాటే కత్తెరలు ఎత్తారు. తల పైకెత్తితే ఎదుటి అద్దంలో చేతుల వరస మొత్తం కనిపించింది. చాచిన వేళ్ళు, చాచిన వేళ్ళు, ఒకదాని తరువాత ఒకటి. ఎక్కడ మొదలైందా అని ఆ వరస వెంట చూపు నడిపించుకుంటూ వచ్చింది. వరసలో మొదటి చెయ్యి తెల్లకోటు చేతిలోంచి బయటికి వచ్చి ఉంది. అది ఆమెదే.

తల కొట్టేసినట్టయింది విమోన్‌కి.

ఆ వేలు వంగదు. టీచరు కాకముందు ఆమె చియాంగ్‌మాయ్‌లో పేరున్న సెలూన్లో పని చేసేది. ఒక వానాకాలం బండి జారి పడితే ఉంగరం వేలి కీలు బిగుసుకుపోయింది. సెలూన్ వాళ్ళు తియ్యగా మాట్లాడి పంపించేశారు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని, ఏడుస్తూ, తిట్టుకుంటూ, మధ్యవేలితో కత్తెర పట్టడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంది. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చుంది. తరవాత ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఎవరూ అడగలేదు గనక ఎవరికీ తెలియదనుకుంది. మధ్యాహ్నానికి చెయ్యి పీకేది. అప్పుడు సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, మందు రాసుకుని, నవ్వు ముఖంతో బయటికి వచ్చేది. నొప్పి పిల్లల ముందు కనపడనివ్వకపోవడమే పనిమంతురాలి లక్షణమని ఆమె నమ్మకం.

అంటే పిల్లల చేతుల వణుకు కూడా ఈ పీకుడేనన్నమాట! అంతదూరం ఆలోచించాక కత్తెర కింద పెట్టి, నీళ్ళు తాగొస్తానని బయటికి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

నిజం చెప్పెయ్యొచ్చు కదా అనిపిస్తుంది మనకి. అంత సులువా? ఇన్నాళ్ళు దాచినదాన్ని పిల్లల ముందు పరవడానికి ఆమెకి నోరు రాలేదు. అడ్డదారి ఎంచుకుంది. లోపలికి వచ్చి గొంతు సవరించుకుని ప్రకటించింది. "ఇవాళ్టి నుంచి అందరూ పుస్తకంలో ఉన్నట్టు పట్టుకోవాలి. ఉంగరం వేలు లోపల. అర్థమైందా?"

"అలాగేనండి ఖ్రూ" అన్నారు ముక్తకంఠంతో. పెట్టుకున్నారు కూడా. ఆమె మళ్ళీ చూపించడం మొదలుపెట్టగానే ఒక్కొక్క వేలే మెల్లగా బయటికి వచ్చేసింది. అరిచింది, మళ్ళీ లోపలికి వెళ్ళాయి. మళ్ళీ బయటికి వచ్చాయి. సాయంత్రానికి ఆమె గొంతు పోయింది గానీ వేళ్ళు మాత్రం దారికి రాలేదు.

విసుగెత్తి, ఆరేసిన తువ్వాళ్ళు తెస్తానని పెరట్లోకి వెళ్ళింది. తిరిగి వస్తూ తలుపు సందులోంచి లోపలికి చూసింది. చూసిన కళ్ళు చూసినట్టే ఉండిపోయాయి. సోమో ఉంగరం వేలు కన్నంలో ఉంది. మొత్‌దీ ఉంది. అందరివీ ఉన్నాయి. కత్తెరలు గలగలా, హాయిగా, పుట్టినప్పటి నుంచి అలాగే పట్టుకున్నట్టు ఆడుతున్నాయి. విమోన్ గడపలో అడుగు పెట్టిందో లేదో, టక్కుమని వేళ్ళన్నీ చాచుకున్నాయి.

వీళ్ళకి వచ్చు. అన్నీ వచ్చు! మరి ఆమెని చూసి ఎందుకు మార్చుకుంటున్నారు? ఆ సాయంత్రం ఆ ప్రశ్న ఆమెతోపాటే ఇంటికి వెళ్ళింది, అన్నం తింది, పడుకుంది.

తెల్లారితే బుధవారం. బుధవారం జుట్టు కత్తిరిస్తే అరిష్టమని ఎవరూ రారు, ఊళ్ళో సెలూన్లు కూడా మూసేస్తారు. ఆ రోజు బొమ్మ తలల మీదే సాధన. విమోన్ గదిలోకి వచ్చి, తెల్లకోటు విప్పి మేకుకి తగిలించింది. కోటు లేని ఖ్రూని పిల్లలు అంతకుముందు చూడలేదు. ఆమె తిన్నగా వెళ్ళి, ఊళ్ళో ముసలాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"సోమో, రా. నా జుట్టు కత్తిరించు."

"అయ్యో ఖ్రూ! ఇవాళ బుధవారమండి!"

"తెలుసు."

"దరిద్రం చుట్టుకుంటుందండి" అంది మొత్ వెనక నుంచి.

"చుట్టుకున్నదాన్ని వదిలించుకోడానికే కూర్చున్నాను. నువ్వు వాగుడు కట్టిపెట్టి మెడకి కట్టే గుడ్డ తే."

సోమో ముఖం ఏడుపుకి వచ్చింది. "మీ తల మీద నేను చెయ్యెలా వెయ్యనండి?"

"పరాయి ముసలాయన తల మీద వేస్తావు కదా, అలాగే."

సోమో చేతులు జోడించి, నుదురు వాటికి తాకించి, "క్షమించండి ఖ్రూ" అని గొణిగి ముడి విప్పింది. జుట్టు వీపు మీద పడింది. కత్తెర తీసుకుంది. ఉంగరం వేలు చాచే ఉంది.

విమోన్ గుడ్డ కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసి, కుర్చీ చేతి మీద అందరికీ కనపడేలా పెట్టింది. "ఈ వేలు చూడండి. వంచుతున్నాను. చూశారా? వంగదు. బండి మీద నుంచి పడ్డాను, అప్పటి నుంచి ఇంతే." అద్దంలో వాళ్ళ వంక చూసింది. "మీకు ముందే తెలుసు కదూ?"

పిల్లలందరి చూపులూ సోమో మీదికి వెళ్ళాయి.

"సోమో. అద్దంలో నా ముఖం చూసి చెప్పు."

"తెలుసండి" అంది సోమో, వినపడీ వినపడనట్టు.

"ఎప్పటి నుంచి?"

"మేము చేరిన రోజు నుంచండి. పైక్లాసు అక్కలు చెప్పారు. ఖ్రూ వేలు వంగదు, ఆవిడ ముందు వేలు వంచి కత్తెర పట్టుకుంటే ఆవిడ మనసు కష్టపడుతుంది, ఆవిడ ఎలా పడితే మీరూ అలాగే పట్టుకోండి అని. వాళ్ళకి వాళ్ళ పైక్లాసు అక్కలు చెప్పారటండి."

"మీరు లేనప్పుడు సరిగ్గానే పట్టుకుంటామండి" అంది మొత్, ఇక ఆగలేక. "కాకపోతే మీరెప్పుడూ ఉంటారు కదండీ!"

విమోన్‌కి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చెడ్డ కోపమూ వచ్చింది. మూడూ ఒకేసారి వచ్చాయి. "పిచ్చి మొద్దుల్లారా! నా మనసు కష్టపడుతుందని మీ నోటికాడ కూడు పారేసుకుంటారా? ఇన్ని బ్యాచ్‌లు పోయాయే! ఒక్కరంటే ఒక్కరు అడగలేకపోయారా?"

అరిచింది గానీ, ఆ అరుపు ఎవరి మీదో ఆమెకే తెలిసింది. నన్ను చూడండి అని రోజూ మొత్తుకున్నది తనే. వాళ్ళు చూశారు. ఖ్రూ దాచడం చూశారు, దాచడమే మర్యాద అని నేర్చుకున్నారు. ఇంకే పాఠం అంత శ్రద్ధగా ఒంటబట్టించుకున్నారు గనక! సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది.

సోమో కత్తెర పట్టుకుని అలాగే నిలబడి ఉంది. కుర్చీ చేతి మీది ఆ వేలు చూస్తూ అడిగింది. అంతవరకు ఆ పిల్ల ఖ్రూని ఏదీ అడిగి ఎరగదు. "ఖ్రూ, నొప్పిగా ఉంటుందాండి?"

"మధ్యాహ్నానికి పీకుతుంది."

"మాకూనండి" అంది సోమో.

మొదట మొత్ కిసుక్కుమంది. తరువాత గదంతా పగలబడి నవ్వింది. విమోన్ గుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఇంక కానీ. వేలు లోపల పెట్టు. నేను చూస్తుండగానే పెట్టు." సోమో పెట్టింది. చెయ్యి కొంచెం జంకింది, ఆ తరువాత కుదురుకుంది. బుధవారం పూట, ఖ్రూ జుట్టు జానెడు నేల మీద పడింది. మెడ వెనక అంచు దారం పట్టి గీసినట్టు వచ్చిందని ప్రదిత్ తరువాత ఒప్పుకున్నాడు, ముడి పోయి మగరాయుడిలా ఉన్నావని ఎగతాళి చేశాక.

ఆ రోజు నుంచి క్లాసు తీరు మారిపోయింది. చూపించే పని పిల్లలది, పక్కన నిలబడి చెప్పే పని విమోన్‌ది. ప్రశ్న అడగందే ఎవరినీ కత్తెర ముట్టుకోనిచ్చేది కాదు. మొదట్లో నోరు విప్పడానికి చచ్చిపోయారు. తరువాత మొత్‌ని ఆపడానికి ఆమె చచ్చిపోయింది. మందు డబ్బా సామాన్ల గదిలోంచి బల్ల మీదకి వచ్చింది. కోటు మీద ఇస్త్రీ మడతలు మాత్రం ఎప్పటిలాగే కత్తిలా ఉండేవి.

పరీక్ష రోజు పరాయి ఊరి నుంచి పరీక్షకులు వచ్చారు. హాల్లో తలుపులు వేశారు. విమోన్ అలవాటు ప్రకారం వరండాలో కిటికీ దగ్గర, అందరికీ కనపడేలా నిలబడింది. మొదటి తల నడుస్తోంది. వరసలో వేళ్ళన్నీ లోపలే ఉన్నాయి. ఆమె గుండె తేలికపడింది. అప్పుడే సోమో దువ్వెన మార్చుకుంటూ తల ఎత్తింది. కిటికీ అద్దం అవతల ఖ్రూ కనపడింది. సోమో ముఖం వెలిగింది, చిన్నగా తల వంచింది. ఆ తల వంచడంతో పాటే, ఆ పిల్లకి తెలియకుండానే, ఉంగరం వేలు కన్నంలోంచి జారి నిటారుగా నిలబడింది.

విమోన్‌కి అప్పుడు తట్టింది. ఏటా ఇక్కడే కదా తను నిలబడింది! ధైర్యంగా ఉంటుందని, కనపడేలా, మొదటి నుంచి చివరి దాకా!

గభాలున వెనక్కి తిరిగింది. పరుగులాంటి నడకతో ఆవరణ దాటి, మోటారుసైకిల్ షెడ్డులోకి వెళ్ళి, పాత టైరు మీద, హాలు కిటికీ వైపుకి వీపు పెట్టి కూర్చుంది.

ప్రదిత్ పానా పట్టుకుని నోరు తెరిచాడు. "అదేంటక్కా! ఏటా ఆ కిటికీకి బల్లిలా అతుక్కుపోతావు కదా?"

"వాళ్ళు పని చేసుకుంటున్నారు. నేను అడ్డం."

ఫలితాలు తరువాతెప్పుడో వచ్చాయి. పద్దెనిమిది మందిలో మొత్ ఒక్కతే తప్పింది. కత్తెర పట్టు భేషుగ్గా ఉందట, కానీ పరీక్షకుణ్ణి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఉన్న టైమంతా తినేసిందట. గది గదిలాగే ఉంది, ఫోన్ల వాళ్ళకి పెరట్లో రేకుల షెడ్డు వేశారు. అవన్నీ తరువాతి సంగతులు. టైరు మీద కూర్చున్న విమోన్‌కి అవేమీ తెలియవు. మెడ వెనక్కి తిప్పకుండా ఉండటం ఎంత కష్టమో మాత్రం తెలుస్తోంది.

"ప్రదిత్, ఇక్కడి నుంచి కిటికీ కనపడుతుందా?"

"ఆ, కనపడుతుంది."

"నువ్వు చూసి చెప్పు. సోమో ఉంగరం వేలు ఎక్కడుంది?"

ప్రదిత్ గ్రీజు చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, చాలాసేపు చూశాడు. విమోన్ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది.

"లోపలే ఉందక్కా" అన్నాడు.